పేరు తెలియని ధార

టెలివిజను చూచుచున్న పిల్లవాడు రిమోటు తీసికొని భాష మార్చెడి మీట నొక్కును. అంతవరకు హిందీలో మాటలాడుచున్న బొమ్మలు మరుక్షణమున తెలుగున మాటలాడును. చిత్రము మారదు, మాట మాత్రమే మారును. పిల్లల చానెళ్లు చూచెడి ఇండ్లలో ఇది దినదినము జరుగునదే. అయితే ఆ తెలుగు మాట అంతవరకు ఎక్కడ నున్నది? మీట నొక్కిన తరువాత ఎవరో పంపినది కాదు. హిందీ మాటతోపాటు, తమిళపు మాటతోపాటు, అదియు ఎడతెగక మన ఇంటికి వచ్చుచునే యున్నది. సెట్ టాప్ బాక్సు దానిని తీసికొని, వినిపింపక విడిచిపెట్టుచున్నది.

చిత్రము మాటున ఇట్లు వచ్చునవి ధ్వనులు మాత్రమే కావు. వినికిడి లేనివారి కొరకు అక్షరములు వచ్చును. రాబోవు కార్యక్రమముల పట్టిక వచ్చును. గడియారపు వేళ వచ్చును. ప్రకటన ఏ క్షణమున చొప్పింపవలెనో తెలుపు సంజ్ఞలు వచ్చును. ఈ ప్రసారమును వచ్చినది వచ్చినట్లు ఒక ఫైలుగా దాచుకొన్నచో, అందు ఎన్ని ధారలున్నవో, ఏది చిత్రమో, ఏది మాటయో, ఏది కేవల సమాచారమో కంప్యూటరు ఎట్లు కనుగొనును? ఈ ప్రశ్న మాకు పుస్తకములు చదువుటచేత కలుగలేదు. ఒక వస్తువు పోగొట్టుకొనుటచేత కలిగినది.

కొన్నియేండ్ల క్రిందట నదులను గురించిన ఒక చిత్రమును ఉపగ్రహ ప్రసారమునుండి పట్టి మా భాండారమున దాచితిమి. అందు హిందీ వ్యాఖ్యానము, తెలుగు వ్యాఖ్యానము రెండును కలవు. ఫైలు పెద్దది, మాకున్న చోటు చిన్నది. కనుక ఎఫ్.ఎఫ్.ఎంపెగ్ అను సాఫ్టువేరుతో దానికొక చిన్న ప్రతి చేసి, తెరచి చూచి, బొమ్మయు ధ్వనియు బాగుగనే యున్నవని తృప్తిపడి, అసలును చెరిపివేసితిమి. నాలుగు నెలల తరువాత ఒక ప్రసంగము కొరకు ఆ తెలుగు వ్యాఖ్యానములోని రెండు నిమిషముల మాట కావలసివచ్చినది. తెరచితిమి. హిందీ మాత్రమే యున్నది.

సాఫ్టువేరు పొరబడినదని మొదట అనుకొంటిమి. అది పొరబడలేదు. అది ఏమి చేసినదో తెలియవలెనన్న, ప్రసారపు ఫైలు లోపల ఎట్లుండునో కొంత చెప్పవలెను.

1988లో ఏర్పడిన ఎంపెగ్ అను అంతర్జాతీయ నిపుణుల బృందము 1990 దశకపు నడుమ ఒక ప్రమాణమును వెలువరించినది. దానిలోని ప్రసార రూపమునకు ట్రాన్స్‌పోర్టు స్ట్రీము అని పేరు. ఐరోపాలోను, అమెరికాలోను, జపానులోను అంకాత్మక టెలివిజను దీనిమీదనే నిలిచినది. మన దేశమున 2004 డిసెంబరులో డి.డి. డైరెక్ట్ ప్లస్ అను పేర మొదలై, నేడు డి.డి. ఫ్రీ డిష్ అనబడుచున్న సేవయు ఇట్టిదే.

దీనిని గూడ్సు బండితో పోల్చవచ్చును. బండిలోని ప్రతి వ్యాగనును ఒకే పొడవుగలది. 188 బైట్లు. అందు మొదటి 4 బైట్లు వ్యాగను మీది వ్రాత, తక్కిన 184 సరకు. 188 అను ఈ వింత లెక్క ఎక్కడిదనగా, ఆ కాలమున టెలిఫోను శాఖలవారు ఏ.టి.ఎం. అను ఒక తంతి జాలమును ఉత్సాహముతో నిర్మించుచుండిరి. బ్యాంకులలోని డబ్బు యంత్రము కాదు సుమా, పేరు మాత్రమే ఒకటి. ఆ జాలములోని ఒక్కొక్క తునకలో 47 బైట్ల సరకు పట్టును. నాలుగు తునకలైనచో 188. ఆ తంతి జాలపు వైభవము సన్నగిల్లినది గాని, దానికొరకు కోసిన కొలత మాత్రము నేటికిని మన పైకప్పులమీది డిష్షులలో పడుచునే యున్నది.

ప్రతి వ్యాగను మొదటి బైటును 71 అను సంఖ్య. సాఫ్టువేరు తొలుత చేయు పని ఈ 71ని వెదకుట. సరకులో కూడ యాదృచ్ఛికముగ 71 తగులవచ్చును గనుక ఒక్కచోట కనబడిన చాలదు. సరిగా 188 బైట్ల తరువాత మరల 71, ఆపైన మరల 71, ఇట్లు వరుసగ కనబడవలెను. కొన్ని ఫైళ్లలో ఈ ఎడము 192 ఉండును. బ్లూరే డిస్కులవారు ప్రతి వ్యాగను ముందును 4 బైట్ల కాలసూచిక చేర్తురు. కొన్నిట 204 ఉండును. దారిలో పడిన దోషములను దిద్దుటకు 16 బైట్లు వెనుక చేర్చినవి అవి. ఎఫ్.ఎఫ్.ఎంపెగ్ ఈ మూడు కొలతలును పెట్టి చూచి, ఏది ఎక్కువ పొసగిన దానిని తీసికొనును.

ఇక వ్యాగను మీది వ్రాతలో ముఖ్యమైనది దాని సంఖ్య. 0 మొదలు 8191 వరకు ఏదైన కావచ్చును. ఒకే సంఖ్యగల వ్యాగనులన్నిటిలోని సరకును వరుసగ కలిపినచో ఒక ధార యగును. 8191 మాత్రము ఖాళీ వ్యాగనులది, బండి వేగము తగ్గకుండుటకు తగిలించునవి. ఇచట తొలిసారి చూచువారు తరచు మోసపోవుదురు. ఒక ఫైలులో 256 అను సంఖ్య చిత్రమునకు ఉండుట చూచి, అన్నిట అట్లే యుండునని అనుకొందురు. సంఖ్యలో అర్థమేమియు లేదు. ఒక ప్రసారకుడు 256 చిత్రమునకు ఇచ్చును, మరియొకడు ధ్వనికిచ్చును. ఇల్లు మారిన అద్దెవానివలె సంఖ్యలు మారుచుండును.

అర్థము ఉన్నది గార్డుచేతి కాగితములలో. 0 సంఖ్యగల వ్యాగనులో మొదటి కాగితముండును. ఈ బండిలో ఏయే కార్యక్రమములున్నవి, ఒక్కొక్క దాని వివరము ఏ సంఖ్యగల వ్యాగనులో దొరకును అను సంగతి అందు వ్రాసియుండును. ఆ వ్యాగను విప్పినచో రెండవ కాగితము. ఈ కార్యక్రమమునకు చిత్రము ఫలాని సంఖ్య, ధ్వని ఫలాని సంఖ్య, మరియొక ధ్వని మరియొక సంఖ్య అని అందుండును. ఈ రెండు కాగితములను క్షణమునకు పలుమార్లు మరల మరల పంపుచుందురు. ఎవరు ఎప్పుడు సెట్టు పెట్టుదురో తెలియదు గదా. మా అనౌన్సర్లు నడుమ నడుమ కేంద్రము పేరు చెప్పుట వంటిదే యిది.

రెండవ కాగితమున ప్రతి ధారకును ఒక రకపు సంఖ్య, దాని క్రింద అవసరమైనచో కొన్ని వివరణ పట్టీలు ఉండును. రకము 2 అనగా డి.వి.డి. కాలపు చిత్రవిధానము. 27 అనగా నేడు విరివిగ నున్న హెచ్.264 చిత్రము. 36 అనగా దాని తరువాతిది. 3గాని 4గాని 15గాని ధ్వనులు. ఇక 10వ సంఖ్యగల వివరణ పట్టీ భాషను తెలుపును. మూడక్షరముల సంకేతము అందుండును. తెలుగునకు టి, ఇ, ఎల్ అను మూడక్షరములు. మేము పోగొట్టుకొన్న వ్యాఖ్యానము మీద ఈ పట్టీ స్పష్టముగ అంటింపబడియే యుండినది. చూచినవారు లేరు.

ఇంతవరకు చెప్పినది సుఖముగ సాగు దారి. సాఫ్టువేరు వ్రాయువారికి అసలు చిక్కు ఇకమీదటనే.

రకపు సంఖ్యలలో 128 మొదలు పైవానిని ప్రమాణకర్తలు ఎవరి యిష్టమునకు వారికి వదలిపెట్టిరి. ఇక చెప్పవలెనా! 134 అను సంఖ్యను తీసికొందము. అమెరికా కేబుల్ టెలివిజనులో 134 అనగా ప్రకటనలు చొప్పించు క్షణమును తెలుపు సంజ్ఞల ధార. బ్లూరే డిస్కు ఫైలులో అదే 134 అనగా సినిమా హాలు స్థాయి ధ్వని. ఒకటి చూచి మరియొకటి అనుకొన్న యంత్రము, సంజ్ఞలను ధ్వనిగ మార్చబోయి గరగరలు వినిపించును, లేదా పాటను సంజ్ఞయని మూలకు నెట్టును. దీనికి విరుగుడుగ ఆ కాగితములోనే నాలుగక్షరముల నమోదు ముద్ర యొకటి ఉండవచ్చును. హెచ్, డి, ఎం, వి అను ముద్ర కార్యక్రమము మీద ఉన్నచో బ్లూరే లెక్క. సి, యు, ఇ, ఐ అని యున్నచో ప్రకటనల సంజ్ఞ. ముద్రను చూచిన తరువాతనే సంఖ్యను నమ్మవలెనని ఈ పని తెలిసినవారు అందురు.

అన్నిటికంటె తలనొప్పి తెచ్చునది రకము 6. దాని పేరు ప్రైవేటు సమాచారము. కచేరి లెక్కలలో గుమాస్తాలు ఎచటను ఇమడని ఖర్చులనన్నిటిని 'ఇతరములు' అను పద్దు క్రింద వ్రాయుదురు గదా, ఇదియు అట్టి పద్దే. ప్రమాణము తయారైన కాలమున ఊహింపని వస్తువులన్నియు ఇందు వచ్చి పడినవి. ఐరోపా టెలిటెక్స్టు పుటలు రకము 6. అక్కడి ఉపశీర్షికలు రకము 6. డాల్బీ ధ్వని కూడ అచట రకము 6 గనే పోవును. వీనిని వేరుచేయునవి వివరణ పట్టీలు మాత్రమే. పట్టీ సంఖ్య 86 అయినచో టెలిటెక్స్టు, 89 అయినచో ఉపశీర్షిక, 106 అయినచో డాల్బీ. మనుష్యుడు లేకుండ ఎగురు విమానములు పంపు చిత్రములలో కెమెరా ఏ దిక్కు చూచుచున్నదో తెలుపు ధారయు పలుచోట్ల రకము 6 గనే యుండును, దానికి కె, ఎల్, వి, ఎ అను ముద్ర. పట్టీ తెలిసిన యంత్రమునకు ఇది చదువు. తెలియనిదానికి ఇతరములే.

ఇందుకు జపాను దేశపు కథ మంచి ఉదాహరణ. అచట భూతల అంకాత్మక టెలివిజను 2003 డిసెంబరు 1న టోక్యో, ఒసాకా, నగోయా నగరములలో మొదలైనది. వినికిడి లేనివారి కొరకు ఆ దేశస్థులు తమ అక్షరముల కనువైన శీర్షికల విధానమును తామే నిర్మించుకొనిరి. ఆ శీర్షికలు రకము 6 గా పోవును. వాని పట్టీ సంఖ్య 253. ఆ పట్టీలో 8 అను సంఖ్య ఉన్నచో శీర్షికయని అనుకొనవచ్చును గాని, అదియొక్కటే చాలదు. అదే 8 సంఖ్యతో తెరమీద అకస్మాత్తుగ పడు హెచ్చరికల అక్షరములును వచ్చును. కనుక ధార మీదనున్న మరియొక గుర్తు 48 నుండి 55 లోపల ఉన్నదా అని కూడ చూడవలెను. రెండు సాక్ష్యములు కలిసినప్పుడే అది శీర్షికల ధార.

ఎఫ్.ఎఫ్.ఎంపెగ్ ఈ తర్కమును నేర్చి, ఆ శీర్షికలను చదువగలిగినది 2019లో వెలువడిన 4.2 సంచికతో. అంతకుముందు జపాను ప్రసారపు ఫైలును దానికి చూపినచో ఆ ధార యెదుట 'తెలియదు' అను మాటయే పడుచుండెడిది. ఇచట ఒక సంగతి ఆలోచింపదగినది. 2019కి ముందు తమ ఇండ్లలో ప్రసారములను పట్టి యథాతథముగ దాచుకొన్నవారు, క్రొత్త సంచికను తెచ్చి అదే పాత ఫైలును తెరచిరేని, సంవత్సరముల తరబడి మూగగ పడియున్న అక్షరములు తెరమీదికి వచ్చును. తెలియని దానితో పనియేమని ఆ ధారను తీసివేసి ఫైలును చిన్నది చేసికొన్నవారికి ఏ సంచికయు ఏమియు చేయజాలదు. ఆ ఇంట వినికిడి లేని తాత యుండినచో ఆ నష్టము ఆయనది.

ఈ సాఫ్టువేరు ఇట్లు నేర్చుకొనుచుండుటకు కారణము దాని వ్రాత బాహాటముగ నుండుటయే. దీనిని ఓపెన్ సోర్సు అందురు. ఎఫ్.ఎఫ్.ఎంపెగ్‌ను 2000లో ఫ్రాన్సు దేశీయుడు ఫాబ్రిస్ బెల్లార్ ఆరంభించెను. మన పిల్లలు కంప్యూటరులో సినిమాలు చూచు వి.ఎల్.సి. కూడ ఎకోల్ సాంత్రాల్ పారిస్ విద్యార్థుల పనిగ 1996లో మొదలై, 2001 నుండి అందరికిని లభించుచున్నది. ఎవరికి ఏ దేశపు పట్టీ తెలియునో వారు ఆ పంక్తులను వ్రాసి చేర్పవచ్చును, చేర్చుచున్నారు కూడ. ఈ బండ్లను విప్పెడి భాగమును మేమును తెరచి చదివితిమి. అంతయు అర్థమైనదని చెప్పుకొనము. కాని ఈ సంఖ్యల వరుసలు, ఒక్కొక్క దేశపు అలవాటు కొరకు చేర్చిన మినహాయింపులు చూచినచో, పెద్ద కుటుంబమున ఎవరికేది గిట్టదో ఎరిగిన వంటింటి పెద్దమ్మ గుర్తునకు వచ్చును.

పట్టీయే లేనప్పుడు? ప్రసారకులును మనుష్యులే గనుక మరచుటయు కలదు. అప్పుడు సాఫ్టువేరు సరకును కొంత విప్పి చూచి ఊహించును. ప్రతి విధానమును తనదైన ఆరంభపు గుర్తులు కలది. అవి ఎంత పొసగినవో దానినిబట్టి నూటికి ఇన్ని మార్కులని వేయును. అయితే ఎంతసేపు చూడవలెను? ఎఫ్.ఎఫ్.ఎంపెగ్ మామూలుగ చూచునది 50 లక్షల బైట్లు. క్షణమునకు 80 లక్షల బిట్ల చొప్పున వచ్చు ప్రసారమున అది అయిదు క్షణముల పాటు మాత్రమే. చిత్రము ఎడతెగక ప్రవహించును గనుక అంతలో పట్టుబడును. శీర్షికలు ఎవరైన మాటలాడినప్పుడే వచ్చును. మొదటి అయిదు క్షణములు నది మౌనముగ పారుచున్నచో ఆ ధారలో ఒక్క వ్యాగనైన వచ్చియుండదు, ఊహించుటకు ఆధారముండదు. అట్టి వేళ ఇంకను ఎక్కువసేపు చూడుమని మనమే చెప్పవలెను. చెల్లించి చూచు చానెళ్ల విషయమున మరియొక చిక్కు. గార్డు కాగితము బాహాటముగనే యుండును గాని సరకునకు తాళముండును. పట్టీ లేనిచో ఊహకు తావే లేదు.

కాగితము నడుమలో మారుటయు కలదు. దానికి 0 నుండి 31 వరకు తిరుగు ఒక సంచిక సంఖ్య ఉండును. వార్తలలో ఒకే ధ్వని యుండి, తరువాతి చిత్రమున రెండు ధ్వనులు మొదలైనచో క్రొత్త కాగితము వచ్చును. యంత్రము దానిని గమనించును గాని, ప్రతి తీయు పని అప్పటికే ఆరంభమైనచో ఆ క్రొత్త ధార ప్రతిలో చేరదు.

కొన్ని సమాచారములు అసలు ధారగ కనబడవు. ఉత్తర అమెరికా టెలివిజనులో శీర్షికల అక్షరములను చిత్రపు ధారలోపలనే పొదిగి పంపుదురు. ధారల పట్టికలో వానికి వేరు ధారగ పేరుండదు. చిత్రమును విప్పిన తరువాతనే బయటపడును. ధారల పట్టికలో శీర్షిక లేదని చూచి శీర్షికలే లేవని నిర్ణయించుట అచట పొరబాటు.

ఇప్పుడు మా నష్టమునకు వత్తము. ఎఫ్.ఎఫ్.ఎంపెగ్‌తో ప్రతి చేయునప్పుడు మనమేమియు చెప్పనిచో అది ఒక చిత్రమును, ఒక ధ్వనిని, ప్రతి యొక్క రూపము ఒప్పుకొన్నచో ఒక ఉపశీర్షికను మాత్రమే తీసికొనును. ధ్వనులు పెక్కున్నచో ఎక్కువ చానెళ్లుగల దానిని ఎంచును. అన్నియు సమానమైనచో వరుసలో మొదటిదానిని సాధారణముగ ఎంచును. సమాచార ధారలను తనంతట తాను తీసికొననే తీసికొనదు. ఇదంతయు దానితోడి పుస్తకమున స్పష్టముగ వ్రాసియున్నది. హిందీ వరుసలో ముందున్నది, తెలుగు వెనుకనున్నది. ఆ పుస్తకమును మేము తరువాత చదివితిమి.

అన్ని ధారలును కావలెనన్నచో 'మ్యాప్ 0' అని ఆజ్ఞాపించవలెను. తెలియని రకపు ధారలను కూడ వదలకుమని వేరుగ చెప్పుటకును ఒక మాట కలదు. అయినను ఇందొక లోటున్నది. క్రొత్త ఫైలునకు సాఫ్టువేరు తన కాగితములను తానే వ్రాయును. తనకు తెలియని పట్టీని ప్రతిలోనికి ఎక్కింపదు. సరకు చేరును గాని, దానిమీది చీటీ దారిలో ఊడిపోవును. జపాను శీర్షికల విషయమున చూచితిమి గదా, ఆ చీటీ లేనిచో 2019 వచ్చినను ఫలముండదు. కనుక చోటు ఎంత తక్కువైనను, ఒక్కొక్క ప్రసారపు అసలు ఫైలును బైటైన మార్చక వేరుగ నుంచుటకు నిశ్చయించుకొంటిమి. చూచుటకు చిన్న ప్రతి, దాచుటకు అసలు.

ఇప్పుడు ఫైలు భాండారమునకు రాగానే ఎఫ్.ఎఫ్.ప్రోబ్ అను తోడు సాధనముతో దాని ధారల పట్టికను తీయింతుము. పట్టికను చదువు పని మా కచేరిలోని ఒక కుర్రవాడు చేయును. మొదటి నెలలో ఆతడు 'తెలియదు' అని యున్న పంక్తులను పట్టికనుండి కొట్టివేసి శుభ్రమైన ప్రతిని తెచ్చుచుండెడివాడు. వలదని చెప్పితిమి. పోయిన వారము చేర్చిన డిస్కు మీద ఆతడు వ్రాసిన చీటీ ఇది: చిత్రము 1, ధ్వని 3, అందు తెలుగు మూడవది, ఉపశీర్షిక లేదు, తెలియనిది 1, రకము 6, పట్టీ లేదు, అసలు ఫైలు పై అరలో.